లారీ ఏది?

కామాగారికి ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన ఒక వాక్యం మొదలుపెట్టారంటే అది కామా దగ్గర కాస్త ఆగి, ఆయాసం తీర్చుకుని, ఇంకో విశేషణాన్ని చంకనేసుకుని, మళ్ళీ లేచి నడిచి నడిచి, పేజీ అడుక్కు చేరితే గానీ ఫుల్‌స్టాప్ మొహం చూసేది కాదు. సన్మాన పత్రమైనా, ప్రారంభోత్సవానికి ఆహ్వానమైనా, పోయినవాళ్ళకు సంతాపమైనా ఊళ్ళో పెద్దమనుషులందరికీ ఆయనే రాయాలి. నవలలు కూడా రాశారు. అచ్చయ్యాయి. అమ్ముడుపోలేదు. అది వేరే ఏడుపు, ఇప్పుడొద్దు.

అలాంటి కామాగారు ఆ మధ్యాహ్నం ఒక లారీ షెడ్డులో, గ్రీజు అంటిన స్టూలు మీద కూర్చుని, ఒంటి కాగితం కరపత్రం ఒకటి చేత్తో పట్టుకుని, చూస్తున్నారు. ఎదురుగా లారీ ఓనర్ల సంఘం ప్రెసిడెంటు కూర్చున్నాడు. తెల్ల చొక్కా, చేతిలో టీ గ్లాసు, మాటలో వెన్న. అతని పక్కన మేస్త్రీ నిలబడి ఉన్నాడు. పేరుకు మెకానిక్ మేస్త్రీయే గానీ, వాడు విప్పిన ఇంజన్ల కన్నా విరిచిన ఎముకలే ఎక్కువని ఊళ్ళో అనుకునేవారు. వాడి చేతిలో పాత ఫ్యాన్ బెల్టు ఉంది. నేల మీద, విప్పి పెట్టిన లారీ టైరుకు చేతులు కట్టేసి, ఊళ్ళో పేపరుకు వార్తలు రాసే విలేకరి పడి ఉన్నాడు. పెదవి చీలి నెత్తురు గడ్డం మీదుగా చొక్కాలోకి కారుతోంది.

"మాటల మనిషివి కదా కవిగారూ," అన్నాడు ప్రెసిడెంటు. "ఊరంతా గోడలకు అంటించారు దీన్ని. చదివి చెప్పు. వీడు రాసిందేనా?"

కామాగారు చదివారు.

"కాటా మీద చెప్పు ఉంది. ఎడమ కాలిది. దాన్ని ఎవరూ తియ్యలేదు. లారీ ముందుకు వచ్చింది. గుమాస్తా పడ్డాడు. లారీ ఆగింది. వెనక్కి వెళ్ళింది. గుమాస్తా మోచెయ్యి ఆనించి లేవబోయాడు. లారీ మళ్ళీ వచ్చింది. ప్రమాదం వెనక్కి వెళ్ళి మళ్ళీ రాదు. మనిషి తోలితేనే వస్తుంది. ప్రెసిడెంటు పక్కనే నిలబడి ఉన్నాడు. టీ తాగుతున్నాడు."

రెండో వాక్యం దగ్గరే కామాగారి పైప్రాణాలు పైనే పోయాయి. ఇది విలేకరి రాత కాదు. వాడు 'సంచలనం', 'కలకలం' లేకుండా కుక్క కరిచిన వార్త కూడా రాయలేడు. ఇది ఆయన కూతురి రాత. కింద పేరు లేదు, అవసరమూ లేదు. కన్నపిల్ల దగ్గును పక్కింట్లో ఉన్నా పోల్చుకోమూ?

ఎలా పోల్చుకున్నారంటే, వాళ్ళ ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. రెండు గదుల ప్రెస్సు. ముందు గదిలో కంప్యూటరు, వెనక గదిలో అచ్చు యంత్రం, కాగితాలు కోసే కత్తెర మిషను. తల్లి పోయాక తండ్రీ కూతురే దాన్ని నడుపుతున్నారు. ఏది అచ్చుకు వెళ్ళాలన్నా ముందు కూతురు ప్రూఫ్ పైకి చదవాలి, తండ్రి రాతప్రతి ముందు పెట్టుకుని వినాలి. చదివేవాళ్ళు కామాలను, ఫుల్‌స్టాపులను కూడా పలకాలి. ఆ పిల్లకు చదవడం వచ్చినప్పటి నుంచి అదే పని. తండ్రి వాక్యాలు చదివి చదివి ఊపిరాడక, "నాన్నా, ఒక్క ఫుల్‌స్టాప్ పెట్టు, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలేది. తను సొంతంగా ఏదైనా రాస్తే మాత్రం ముందు వస్తువును పెట్టేది, తర్వాత మనిషిని తెచ్చేది, విశేషణాన్ని గుమ్మం తొక్కనిచ్చేది కాదు. "ఇది రాతా, కిరాణా సరుకుల చీటీయా?" అని ఆయన వెక్కిరించేవారు. ఎంత వెక్కిరించినా ఆ ఊపిరి ఆయన చెవికి అలవాటైపోయింది.

పైగా ఆ పిల్ల చూసింది. లారీలు తూచే కాటాకు చీటీల పుస్తకాలు వాళ్ళ ప్రెస్సులోనే అచ్చవుతాయి. ఆ రోజు అవి ఇవ్వడానికి కాటా దగ్గరకు వెళ్ళింది. ఎక్కువ సరుకు ఎక్కించిన లారీకి తక్కువ తూకం రాయనని గుమాస్తా మొండికేసిన రోజు అది. చీటీల కట్ట గుండెలకు అదుముకుని గోడ చాటున నిలబడి అంతా చూసింది. ఇంటికొచ్చి, అన్నం కంచం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా చెప్పింది. కామాగారు విని, తలుపు గడియ వేసి, "నువ్వు చూడలేదు. నీకేం తెలియదు. మనకెందుకమ్మా?" అన్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు ప్రెసిడెంటు మనిషి వచ్చి సంతాప ప్రకటన కావాలన్నాడు. ఈయన రాశారు. ఆయన కలానికి చిన్నప్పటి నుంచీ లేదనడం రాదు.

"నిజాయితీయే ఆస్తిగా, విధి నిర్వహణే ఊపిరిగా జీవించి, అందరికీ తలలో నాలుకలా మెలిగిన మా కాటా గుమాస్తా, విధి వక్రించిన దురదృష్ట ఘడియలో, అనుకోని రీతిన సంభవించిన ఘోర ప్రమాదం కారణంగా, మమ్మల్నందరినీ శోకసంద్రంలో ముంచి, తిరిగిరాని లోకాలకు తరలిపోయారని తెలియజేయుటకు మిక్కిలి చింతిస్తున్నాము."

కూతురు ఆ ప్రూఫ్ కామాలతో సహా పైకి చదివింది. చదివి కాగితం బల్ల మీద పెట్టింది.

"నాన్నా, విధి ఉంది. ఘడియ ఉంది. సంద్రం కూడా ఉంది. లారీ ఏది?"

ఆయన ఆ కాగితం తీసుకుని వెనక గదిలో అచ్చు యంత్రం దగ్గరకు వెళ్ళారు. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. ఆ వారంలోనే గోడల మీదికి కరపత్రం వచ్చింది.

"ఏమయ్యా, నిన్నే," అన్నాడు ప్రెసిడెంటు. "ఇంత కాగితానికి ఇంతసేపా? వీడేనా, కాదా?"

కామాగారు విలేకరి వంక చూశారు. అవునంటే వీడు సాయంత్రం చూడడు. కాదంటే వీళ్ళు ఇంకొకరిని వెతుకుతారు. కాటా దగ్గరకు ఆ రోజు చీటీలు తెచ్చిందెవరని ఎవడో ఒకడు అడుగుతాడు. అడిగితే ప్రెస్సు గుమ్మం ముందు మేస్త్రీ నిలబడతాడు. 

"వీడు కాదు," అన్నారు. "నేనే రాశాను."

క్లీనర్లతో సహా షెడ్డంతా నవ్వింది. మేస్త్రీ అయితే బెల్టు కిందపడేసి మరీ నవ్వాడు. ప్రెసిడెంటు చొక్కా మీద టీ ఒలికింది.

"నువ్వా? అయ్యా మహానుభావా, నా కొత్త షెడ్డు ప్రారంభానికి నువ్వు రాసిచ్చిన ఉపన్యాసంలో మొదటి వాక్యం అయ్యేలోపు రిబ్బను కత్తిరించాల్సినాయన చెయ్యి తిమ్మిరెక్కింది. నువ్వు ఇది రాశావా? ఎవర్ని కాపాడుతున్నావు?"

"ఎవర్నీ కాదు. నేనే."

"అయితే రాయి." ప్రెసిడెంటు నవ్వు ఆపేశాడు. "ఇక్కడే, ఇప్పుడే. ఈ షెడ్డులో ఏం జరుగుతోందో రాయి, ఈ పద్ధతిలో. వచ్చిందా, నువ్వే. రాలేదా, అసలువాడి పేరు నీ నోట్లోంచి మేస్త్రీ తీస్తాడు."

కాగితం ఇచ్చారు. కలం ఆయన జేబులోనే ఉంది. కామాగారు రాశారు: "మండుటెండ రేకుల మీద నిప్పులు చెరుగుతున్న ఆ మధ్యాహ్న వేళ, దయాదాక్షిణ్యాలు మచ్చుకైనా లేని..."

"అదిగో, వచ్చేశాడు కామా!" అన్నాడు ప్రెసిడెంటు భుజం మీదుగా చూసి. మేస్త్రీకి సైగ చేశాడు.

బెల్టు వీపు మీద పడింది. దెబ్బ తగిలిన చోట నొప్పి రావడానికి ఒక్క క్షణం పట్టింది. వచ్చాక మాత్రం కళ్ళ ముందు షెడ్డు గిర్రున తిరిగింది. ఆయన స్టూలు మీంచి జారి నేల మీద పడ్డారు. జుట్టు పట్టుకుని లేపి మళ్ళీ కూర్చోబెట్టారు. చొక్కా చిరిగి వీపుకు అంటుకుంది.

"రాయి."

రాశారు. ఎంత అణచుకున్నా 'క్రూరమైన' అన్న మాట కలం లోంచి జారిపోయింది. అలవాటైన కాలు ఆ సందులోకే తిరుగుతుంది కదా. ప్రెసిడెంటు ఆ మాట మీద వేలు పెట్టి చూపించాడు. ఈసారి దెబ్బ చెవి మీద పడింది. ఆ తర్వాతిది మోకాలి మీద. కామాగారు "అమ్మా" అని అరిచారు. నేల మీంచి విలేకరి, "ఆయన్ని వదిలెయ్యండ్రా, ముసలాయన!" అన్నాడు. మేస్త్రీ వెనక్కి తిరిగి బూటుతో వాడి మూతి మీద తన్నాడు. ఏదో తెల్లటిది నేల మీద దొర్లి ఆగింది.

అప్పుడు కామాగారికి తెలిసింది. ఆ పిల్ల ఆ కరపత్రం ఎందుకు అలా రాసిందో. ఇంకెలా రాస్తుంది? ఊపిరి అందని మనిషికి కామాలు ఎక్కడివి? గోడ చాటున నిలబడి చూసిన పిల్లకు ఆ రోజు అందినంత ఊపిరే ఆ కాగితం మీద ఉంది. తను దాన్ని చీటీ అన్నాడు. ఆ పిల్ల ముద్ద మింగలేక చెబుతుంటే తలుపు గడియ వేశాడు. ఒళ్ళంతా మండుతున్నా ఆ సిగ్గు ముందు బెల్టు ఎంత! ఆయన కాగితం దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టారు. ఈసారి ఆలోచించలేదు.

"నేల మీద పన్ను ఉంది. విలేకరిది. దాని పక్కన నట్టు ఉంది. రెండూ ఒకే సైజు. బెల్టు లేచింది. పడింది. నేను అమ్మా అన్నాను. మేస్త్రీకి చెమట పట్టింది. తుడుచుకున్నాడు. మళ్ళీ బెల్టు తీశాడు. నా నెత్తురు కాగితం మీద పడింది. చేత్తో తుడిచాను. అక్షరం చెరిగింది. మళ్ళీ రాశాను. ప్రెసిడెంటు పక్కనే నిలబడి ఉన్నాడు. టీ తాగుతున్నాడు."

ప్రెసిడెంటు చదివాడు. చేతిలో గ్లాసు ఉందని అప్పుడే గుర్తొచ్చినట్టు దాన్ని బల్ల మీద పెట్టేశాడు. 

"నువ్వే," అన్నాడు చివరికి. "ఇన్నాళ్ళూ ఈ కత్తి ఎక్కడ దాచావయ్యా?"

కామాగారికి ఏడుపొచ్చింది. భయంతో కాదు, పిల్ల బతికిందన్న సంతోషంతో. మేస్త్రీ అది భయమే అనుకున్నాడు.

"చంపేద్దామా అన్నా?" అన్నాడు వాడు.

"చంపితే కరపత్రం నిజమైపోదూ? బుర్ర వాడరా." ప్రెసిడెంటు చొక్కా దులుపుకున్నాడు. "రాసే చెయ్యి ఏది కవిగారూ? కుడిదేగా."

బల్ల అంచుకు బిగించిన ఇనప వైసు ఉంది. సామాను కదలకుండా పట్టుకోవడానికి, పిడి తిప్పితే బిగుసుకునే రెండు దవడలు. ఇద్దరు క్లీనర్లు కామాగారిని పట్టుకున్నారు. మేస్త్రీ ఆయన కుడి చేతిని ఆ దవడల మధ్య పెట్టి, ఇనుము చర్మానికి తగిలేదాకా పిడి తిప్పి ఆగాడు. ప్రెసిడెంటు చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకుని, సభలో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"ముద్రణాలయంలో విధి నిర్వహణలో నిమగ్నమై ఉండగా, కామా, విధి వక్రించిన దురదృష్ట ఘడియలో, కామా, కాగితాలు కోసే యంత్రంలో ప్రమాదవశాత్తు చెయ్యి చిక్కుకుని, కామా, తీవ్ర గాయాలపాలైన మా ప్రియతమ రచయిత..." ఆగి, వంగి, ఆయన కళ్ళలోకి చూశాడు. "కామాలు సరిగ్గా పడ్డాయా? నీ దగ్గర నేర్చుకున్నదే."

సరిగ్గానే పడ్డాయి. ఒక్కటి కూడా తప్పు లేదు. తన వాక్యమే, తన నడకే, తను నేర్పిన మాటలే వచ్చి తన చేతి మీద దుప్పటిలా కప్పుకుంటుంటే కామాగారు వింటూ నిలబడ్డారు. గుమాస్తా మీద కప్పింది కూడా ఈ దుప్పటే. మేస్త్రీ పిడి తిప్పాడు. మొదట వేళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. తర్వాత లోపల ఏదో పటుక్కుమంది. మళ్ళీ పటుక్కుమంది. పిడి ఇంకా తిరుగుతూనే ఉంది. ఆయన అరిచిన అరుపుకు రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు, షెడ్డు బోర్డు చూశారు, తల వంచుకుని వెళ్ళిపోయారు.

విలేకరే ఆయన్ని ఆసుపత్రికి చేర్చాడు. నోరు తెరిస్తే బైకు మీంచి పడ్డానని చెప్పమని ప్రెసిడెంటు మనుషులు వాడి కట్లు విప్పి పంపారు. వాడు ఆసుపత్రిలో అలాగే చెప్పాడు. ప్రెస్సుకు వెళ్ళి మాత్రం కూతురికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పన్ను పోయింది గానీ వాడికి నోరు పోలేదు.

మర్నాడు కామాగారు కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని ప్రెస్సులో కూర్చున్నారు. ఇంట్లో పడుకోమంటే వినలేదు. ప్రెసిడెంటు పంపిన ప్రకటన అప్పటికే బల్ల మీద ఉంది. పైన ఆయన ఫోటో వెయ్యమని, గోడలన్నిటికీ అంటించమని చెప్పి పంపాడు. కూతురు కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. కళ్ళు వాచిపోయాయి.

"నేను రాసింది నీ నెత్తిన వేసుకున్నావా?" అంది. "ఎవరు వేసుకోమన్నారు నిన్ను? వెళ్తున్నా. నేనేనని చెప్పేస్తా. చంపితే చంపనీ వెధవల్ని."

"కూర్చో."

"కూర్చోను!"

"కూర్చోవే తల్లీ. చెయ్యి పోయింది. నువ్వూ పోతే నేనెందుకు?"

ఆయన అంత పొట్టిగా మాట్లాడటం ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. కూర్చుంది. ఆయన ఎడమ చేత్తో ఆ ప్రకటనను ఆమె ముందుకు తోశారు.

"ప్రూఫ్ చదువు."

చదివింది. ముద్రణాలయంలో, కామా, విధి వక్రించి, కామా. ప్రియతమ రచయిత దగ్గర కాగితం కింద పెట్టేసింది.

"అడగవేం?" అన్నారు ఆయన.

"ఏమడగను?"

"అప్పుడడిగావుగా. ఇందులో వైసు ఏది? మేస్త్రీ ఏడి? అడుగు. నేను చెబుతా, నువ్వు కొట్టు. గుమాస్తా దగ్గర మొదలుపెడదాం. నువ్వు రాసింది రాసినట్టే ఉంచు. దాని కింద ఇది. అడుగున నా పేరు. పేరు లేని కాగితానికి మనిషిని వెతుకుతారు. పేరుంటే ఇంకెవర్నీ వెతకరు."

ఆయన చెప్పారు. నేల మీద పన్ను ఉంది, ఫుల్‌స్టాప్. బెల్టు లేచింది, ఫుల్‌స్టాప్. వైసు పిడి తిరిగింది, ఫుల్‌స్టాప్.   పూర్తయ్యాక చివర ఒక్క మాట కలపమన్నారు: లారీ ఏది? కింద ఆయన పేరు పడింది. దాని కింద విలేకరి కూడా తన పేరు వేయించుకున్నాడు.

తెల్లారేసరికి ఊరంతా అదే. పొడుగు వాక్యాలైతే చదువుకున్నవాడి దగ్గరే ఆగిపోయేవి. ఇవి అలా కాదు. టీ బడ్డీ దగ్గర ఒకడు పైకి చదివితే, అక్షరం ముక్క రాని క్లీనర్లకు కూడా నోటికొచ్చేశాయి. నేల మీద పన్ను ఉంది. దాని పక్కన నట్టు ఉంది. రెండూ ఒకే సైజు. ఒక లారీ నుంచి ఇంకో లారీకి అరుచుకున్నారు. పొద్దెక్కేసరికి లారీలు రోడ్డుకు అడ్డంగా ఆగిపోయాయి. షెడ్డు ముందు డ్రైవర్లు గుమిగూడారు. కామాగారు, కూతురు, విలేకరి కూడా వెళ్ళారు.

ప్రెసిడెంటు మెట్ల మీదికి వచ్చాడు. తెల్ల చొక్కాయే. చేతులు జోడించాడు.

"సోదర సమానులైన డ్రైవర్లారా, కొందరు స్వార్థపరుల దుష్ప్రచారం వల్ల, మన సంఘ ఐకమత్యానికి, అనుకోని రీతిలో..."

"లారీ ఏది?" అని ఎవరో అరిచారు.

"నేను చెప్పేది పూర్తిగా వినండి, ఏదైతే..."

"లారీ ఏదిరా?"

అందరూ అందుకున్నారు. ఆ అరుపులో ప్రెసిడెంటు వాక్యం మధ్యలోనే తెగిపోయింది. గుంపులోంచి ఒక డ్రైవరు తోసుకుంటూ ముందుకొచ్చాడు. మాసిన గడ్డం, నిద్ర లేని కళ్ళు.

"నేనే తోలాను," అన్నాడు. ఏడుస్తున్నాడు. "మొదటిసారి బెదిరించమన్నాడు. తగిలింది. దిగబోయాను. వెనక్కి తీసి మళ్ళీ పోనియ్యమన్నాడు. లేకపోతే నన్నూ అక్కడే పడుకోబెడతానన్నాడు. నా పిల్లల మీద ఒట్టు."

మొదటి రాయి ప్రెసిడెంటు నుదుటి మీద పడింది. ఆ తర్వాత ఎవరు ఏది విసిరారో తెలియలేదు. నట్లు, బోల్టులు, టీ గ్లాసులు, రాళ్ళు గాలిలో లేచాయి. మేస్త్రీ బెల్టు తీసి ముందుకు దూకాడు. వాడి బెల్టే లాక్కుని వాణ్ణి కొట్టారు. ప్రెసిడెంటును మెట్ల మీంచి కాళ్ళు పట్టి ఈడ్చారు. తెల్ల చొక్కా నెత్తురుతో, గ్రీజుతో నల్లబడింది. వాడు "అమ్మా" అన్నాడు. అందరూ అదే అంటారు కాబోలు. కామాగారు చూస్తూ నిలబడ్డారు. ఆపండి అనాలని తెలుసు. ఇంకొకటి పడితే బాగుండునని కూడా అనిపించింది. అనిపించినందుకు ఒళ్ళు జలదరించింది. కూతురు మొహం పక్కకు తిప్పుకుని వాంతి చేసుకుంది. ఆయన ఎడమ చేత్తో దాని వీపు నిమిరారు. పోలీసు జీపులు వచ్చేసరికి ప్రెసిడెంటుకు ప్రాణం ఉంది, పళ్ళు లేవు. మేస్త్రీని స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. డ్రైవరు తనంతట తానే జీపెక్కాడు.

ఆ గొడవ అంతా సద్దుమణిగాక ఒక రోజు గుమాస్తా భార్య ప్రెస్సుకు వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. పోలీసులు తిరిగిచ్చిన చెప్పు అందులో ఉందని సంచి ఆకారమే చెబుతోంది. కామాగారు లేచి నిలబడ్డారు. ఆమె మొహం చూడటానికి ఆయనకు మనసొప్పలేదు.

"ఒక కాగితం వెయ్యాలి మాస్టారూ," అంది ఆమె. "ఆయన పేరు మీద."

"వేస్తామమ్మా," అంది కూతురు. "పొట్టిగా, ఉన్నదున్నట్టు..."

"వద్దమ్మా." ఆమె తల అడ్డంగా ఊపింది. "మీ ఇద్దరిలో ఎవరు రాసినా, ఆ కాగితంలో ఆయన ఎలా పోయాడో ఉంది. ఎలా బతికాడో లేదు. ఒక్క చెప్పు ఉంది. అంతేనా ఆయన? నాకు పొడుగ్గా కావాలి. మాస్టారు రాసేలా కావాలి. అంత తొందరగా అయిపోకూడదు."

కూతురు తండ్రి వంక చూసింది. ఆయన కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "చెప్పమ్మా," అన్నారు ఆమెతో. "ఆయన ఎలాంటివాడో చెప్పు. ఈసారి నేను వింటాను." ఆమె చాలాసేపు చెప్పింది. మధ్యలో నవ్వింది, ఏడ్చింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆమె ఆగాక కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టారు. కూతురు కొట్టింది. ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు. అయ్యాక, ఎప్పటి పద్ధతి ప్రకారమే, ప్రూఫ్ పైకి చదివింది.

"ఎండలో దిగిన డ్రైవరుకు తన కుండలోని నీళ్ళు ముంచి ఇచ్చి, కామా, తప్పు తూకం రాయమన్నవాడికి నవ్వుతూనే రాయనని చెప్పి, కామా, అబద్ధం చేతకాక పేకాటలో నా చేతిలో కూడా ఓడిపోయి, కామా, ఇంటికొస్తే చెప్పుల దుమ్ము గుమ్మం బయటే దులిపి, కామా, నేను నిద్రపోతుంటే లేపకుండా చీకట్లో తడుముకుంటూ గిన్నె కింద పడేసి, కామా, లేపేశానా అని తనే నవ్వి, కామా, ప్రెసిడెంటు తోలమంటే డ్రైవరు రెండోసారి తోలిన లారీ ముందు కూడా మోచెయ్యి ఆనించి లేవబోయిన మా ఆయన, కామా, ఇంకా ఇంటికి రాలేదు, ఫుల్‌స్టాప్."

 గుమాస్తా భార్య సంచిని గుండెలకు అదుముకుని కూర్చుంది.

"లారీ ఉందా?" అని అడిగారు కామాగారు కళ్ళు తెరవకుండా.

"ఉంది నాన్నా," అంది కూతురు. "ఆయన కూడా ఉన్నాడు."

"ఇంకోసారి చదవమ్మా," అంది గుమాస్తా భార్య. "మెల్లగా చదువు."